అక్షరం లేని హెచ్చరిక

గోదావరి డెల్టాలో రహదారి చాలాచోట్ల నీటి సరసనే సాగుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట విస్తరించిన కాలువలు పొలాలకు ప్రాణం పోశాయి. వాటి గట్లే కాలక్రమంలో ఊళ్లను కలిపే బాటలయ్యాయి. ఒక ప్రక్క నిండు కాలువ, మరొక ప్రక్క పల్లపు చేను, నడుమ ఇరుకైన రోడ్డు. పగటివేళ కనువిందు చేసే ఆ దారి చీకటిలోను, పొగమంచులోను ప్రాణాంతకం కాగలదు. అటువంటి చోట నిలపవలసిన ఫలకం ఒకటి మన రహదారి గుర్తులలో ఉన్నది. ఎర్రని అంచు గల తెల్లని త్రికోణంలో, నీటిలోకి ఒరుగుతున్న కారు బొమ్మ. ఒక్క అక్షరమైనా లేకుండానే అది చెప్పవలసినదంతా చెబుతుంది.

మోటారు వాహనాలు దేశాల సరిహద్దులు దాటసాగిన తొలినాళ్లలోనే ఈ మూగభాష అవసరం తెలిసివచ్చింది. 1909లో పారిస్‌లో సమావేశమైన దేశాలు గతుకు, మలుపు, నాలుగు రోడ్ల కూడలి, రైలు గేటు అనే నాలుగింటికి ఉమ్మడి గుర్తులను అంగీకరించాయి. 1968 నాటి వియన్నా ఒప్పందం హెచ్చరిక ఫలకానికి రెండు రూపాలను ఆమోదించింది. ఒకటి ఎర్ర అంచు త్రికోణం, రెండవది మూలపై నిలిపిన పసుపుపచ్చని చతురస్రం. భారతదేశం, బ్రిటన్ మొదటి రూపాన్ని అనుసరిస్తున్నాయి. స్వీడన్‌లో త్రికోణం లోపలి భాగం పసుపు. చైనాలో పసుపు త్రికోణానికి నల్లని అంచు. అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్ దేశాలలో పసుపు చతురస్రం కనిపిస్తుంది.

బొమ్మలలో ఆయా నేలల స్వభావం తొంగిచూస్తుంది. ఆస్ట్రేలియాలో కంగారూ, సౌదీ అరేబియాలో ఒంటె, మన దేశంలో పశువు. కోనసీమ నుండి గల్ఫ్‌కు వెళ్లిన డ్రైవరుకు అక్కడి భాష రాకపోవచ్చు. కాని ఒంటె బొమ్మ కనబడగానే అతని కాలు బ్రేకు మీదికి వెళుతుంది. రాజమహేంద్రవరం నుండి అమెరికా చేరిన యువకునికి రంగు, ఆకారం కొత్తవి. లేడి బొమ్మ చెప్పే మాట మాత్రం కొత్తది కాదు.

కాపలా లేని రైలు గేటు గుర్తులో మన దేశం, బ్రిటన్ ఆవిరి ఇంజనునే చిత్రిస్తాయి. ఆ ఇంజన్లు నిత్యజీవనం నుండి తప్పుకొని ఏళ్లు గడిచాయి. అయినను దాని రూపాన్ని కన్ను క్షణంలో పోల్చుకుంటుంది. హెచ్చరికకు కావలసినది నవ్యత కాదు, స్పష్టత.

ఆ స్పష్టతను కాపాడుట పౌరుల బాధ్యత. ఫలకంపై ప్రకటన అంటించినా, తీగలు అల్లుకొనగా ఉపేక్షించినా ఆ నోరు మూతపడుతుంది. ఊరివారికి మలుపు తెలుసు. ఆ ఫలకం రాత్రివేళ తొలిసారి ఆ గట్టు మీదుగా వచ్చే అపరిచితుని కోసం నిలిచి ఉన్నది.