ఆచూకీ అడిగిన తల్లులు

బ్యూనస్ ఐరిస్ నగరంలో ఉత్తరపు కొసన నూన్యెజ్ అనే పేట ఉంది. కలిగినవాళ్ల పేట. విశాలమైన రోడ్డు, ఎత్తయిన అపార్ట్‌మెంట్లు, కుక్కల్ని తిప్పుకొచ్చే మనుషులు. ఆ రోడ్డు పక్కనే, ఇనుప కటకటాల వెనక, తెల్లటి స్తంభాల భవనం ఒకటి కనిపిస్తుంది. నౌకాదళం తన మెకానిక్కులకు శిక్షణ ఇచ్చిన బడి అది. ఎస్మా అంటారు. 1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యం అధికారం లాక్కుంది. 1983లో ఆ నియంతృత్వం ముగిసేదాకా సుమారు 5,000 మందిని ఇక్కడికి పట్టుకొచ్చారు. యూనియన్ కార్యకర్తలు, విద్యార్థులు, డాక్టర్లు, విలేఖరులు, సన్యాసినులు. ప్రాణాలతో బయటపడ్డది బహు కొద్దిమంది.

నేను చూడ్డానికి వెళ్లింది ఆ ఆవరణలోని అధికారుల నివాస భవనం. ఇప్పుడది మ్యూజియం. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోపల వస్తువులేమీ లేవు, గదులన్నీ ఖాళీ. గోడకు మేకు కొట్టరు, సున్నం వేయరు. భవనమే కోర్టు సాక్ష్యం కనక చెప్పాల్సిందంతా గోడలకు ఎడంగా నిలబెట్టిన పలకల మీద రాశారు.

మొదటి, రెండో అంతస్తుల్లో అధికారులు నిద్రపోయేవారు. వాళ్ల కింద నేలమాళిగలో చిత్రహింసల గదులు. వాళ్ల పైన, మూడో అంతస్తు అటకలో, తలకు ముసుగు, కాళ్లకు గొలుసులతో ఖైదీలు. అందరికీ అవే మెట్లు. హింసను ఊరవతల ఏ అడవిలోనో పెట్టుకుంటారని మనం అనుకుంటాం. ఇక్కడ పైకీ కిందికీ ఖైదీలను ఈడ్చుకెళుతుంటే ఆ చప్పుడు తలుపు అవతల వింటూ అధికారులు పడుకున్నారు, పొద్దున లేచి కాఫీ తాగారు. నాకన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే.

అటకలో వాలు కప్పు, తల తగిలే దూలాలు. మా గైడ్ పాతికేళ్ల అమ్మాయి. “బయట ఇన్ని ఇళ్లున్నాయి కదా, ఎవరికీ ఏమీ వినిపించలేదా?” అని అడిగాను.

“ఏమోనండీ. లోపలివాళ్లకు మాత్రం బయటివి వినిపించాయి” అందామె. 1978లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఈ దేశంలోనే జరిగింది. ఫైనల్ జరిగిన రివర్ ప్లేట్ స్టేడియం ఇక్కడికి నడిచి వెళ్లేంత దగ్గర. జూన్ 25న అర్జెంటీనా 3-1తో నెదర్లాండ్స్‌ను ఓడించినప్పుడు లేచిన హోరు ముసుగుల కింద పడివున్నవాళ్ల చెవిన పడింది.

అదే అంతస్తులో ఒక చిన్న గది, గర్భిణులది. కాన్పు దాకా తల్లిని బతకనిచ్చేవారు. తర్వాత బిడ్డ ఏ సైనికాధికారి ఇంటికో, వాళ్లకు కావలసినవాళ్ల ఇంటికో వెళ్లేది. తల్లిని చంపేసేవారు. ఆ బిడ్డలను వెతికింది అమ్మమ్మలు, నానమ్మలు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేనప్పుడు తాతయ్యల, అమ్మమ్మల రక్తంతోనే మనవడిని గుర్తుపట్టే పద్ధతి కావాలని శాస్త్రవేత్తల చుట్టూ తిరిగారు. అమెరికన్ జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ అందుకు తోడ్పడింది. 1987లో జాతీయ జన్యు నిధి చట్టం వచ్చింది. ఇప్పటిదాకా 130 మందికి పైగా మనవలు తమ అసలు పేరు తెలుసుకున్నారు.

1979లో అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కమిషన్ తనిఖీకి వస్తుందని తెలిసి నౌకాదళం ఇక్కడి లిఫ్ట్ పీకేసింది, నేలమాళిగ మెట్లు మూసేసింది, ఖైదీలను ఒక లంకకు తరలించింది. బయటపడ్డవాళ్లు చెప్పిన గుర్తులేవీ కనపడకూడదని. ఆ మార్పుల ఆనవాళ్లు ఇప్పుడు నేరానికి సాక్ష్యమయ్యాయి. విక్టర్ బస్తెర్రా అనే ప్రింటింగ్ కార్మికుడి చేత దొంగ పత్రాలకు ఫోటోలు తీయించేవారు. అతను అధికారులవీ, సాటి ఖైదీలవీ ఫోటోలు రహస్యంగా బయటికి చేరవేశాడు. 1985లో సైనిక పాలకుల మీద జరిగిన విచారణలో అవి కోర్టుకెక్కాయి. చచ్చేదెప్పుడో తెలియని మనిషి రేపటి విచారణ కోసం ఫోటోలు దాచాడు. ఇంతకన్నా పెద్ద ధైర్యం నాకు తెలియదు.

ఆవరణలో ఒక చిన్న విమానం నిలబెట్టారు. వేరే జైలుకు మారుస్తున్నాం, టీకా వేస్తున్నాం అని చెప్పి మత్తు సూది ఇచ్చి, ఇలాంటి విమానాల్లోంచి మనుషులను బతికుండగానే నీళ్లలోకి తోసేవారు. ఈ విమానం అమెరికాలో దొరికింది, 2023లో వెనక్కి తెచ్చారు. ఇందులో తీసుకెళ్లినవాళ్లలో మాయమైన బిడ్డల ఆచూకీ కోసం తల్లుల ఉద్యమం మొదలుపెట్టిన అసుసేనా విల్లాఫ్లోర్ ఉంది. ఎస్తేర్ బయెస్త్రీనో కూడా. ఎస్తేర్ కూతురు అప్పటికే విడుదలై వచ్చింది. అయినా మిగతా బిడ్డల కోసం ఆమె తల్లుల దగ్గరికి తిరిగొచ్చింది. సోదరుణ్ని పోగొట్టుకున్నవాడినని నమ్మించి వాళ్ల మధ్య చేరిన నౌకాదళ అధికారి ఆల్ఫ్రెదో అస్తీస్ వాళ్లను పట్టించాడు. 1977 డిసెంబరులో సముద్రం వాళ్ల శవాలను ఒడ్డుకు చేర్చింది. అనామకులుగా పూడ్చారు. ఎముకలను బట్టి 2005లో గుర్తించారు.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకు ప్లాసా దె మాయోకు వెళ్లాను. ఎదురుగా గులాబీ రంగు అధ్యక్ష భవనం, నడుమ తెల్లటి స్తూపం. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు ఇక్కడ చేరారు. అప్పటికే వాళ్లు స్టేషన్లు, బారకాసులు, చర్చిలు తిరిగారు, హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. మాకు తెలియదనే జవాబు. గుంపుగా నిలబడకూడదు, కదలండి అన్నారు పోలీసులు. సరేనని స్తూపం చుట్టూ నడిచారు. తలకు కట్టుకున్నవి మొదట్లో తమ బిడ్డల పొత్తిగుడ్డలు. నేను వెళ్లినరోజు ముందు నడిచిన తల్లులు తొంభై దాటినవాళ్లు, చక్రాల కుర్చీల్లో. పేర్లు ఒక్కొక్కటీ చదువుతుంటే, “ఇక్కడే ఉన్నాం” అని అందరూ బదులిచ్చారు. ఎవరో నా చేతికి ఒక ఫోటో ఇచ్చి నడవమన్నారు. పందొమ్మిదేళ్ల కుర్రాడు. నడిచాను. అసుసేనా అస్థికలు ఆ స్తూపం పాదం దగ్గరే ఉన్నాయి.

అధికారిక కమిషన్ 1984లో నమోదు చేసిన మాయమైనవాళ్ల పేర్లు 8,961. హక్కుల సంఘాలు 30,000 అంటాయి. ఆ అంకె మీద ఇప్పటికీ తగువు పెట్టేవాళ్లున్నారు. లెక్క చెప్పాల్సింది మాయం చేసినవాళ్లు, వెతుకుతున్నవాళ్లు కాదు. మధ్యలో క్షమాభిక్ష చట్టాలు వచ్చాయి. 2005లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. తర్వాత వెయ్యి మందికి పైగా దోషులకు శిక్షలు పడ్డాయి. అస్తీస్‌కు 2011లో యావజ్జీవం.

నడుస్తున్నంతసేపూ మనవాళ్లే గుర్తొచ్చారు. అర్జెంటీనాలో సైనిక కుట్ర జరిగిన అదే 1976 మార్చిలో, ఎమర్జెన్సీలో, కేరళ ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్‌ను పోలీసులు హాస్టల్ నుంచి తీసుకెళ్లారు. తండ్రి ఈచర వారియర్ హైకోర్టు దాకా వెళ్లి పోరాడాడు. కొడుకు శవం దొరకలేదు. ఎన్‌కౌంటర్ అని ప్రకటించిన శవాల కోసం మార్చురీల ముందు పడిగాపులు పడ్డ తల్లులను తెలుగునాట మనమే చూశాం.

మనుషులను మాయం చేయడాన్ని నేరంగా ప్రకటించే అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించింది. అర్జెంటీనా దానికి కట్టుబడింది. భారతదేశం 2007 ఫిబ్రవరిలో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ఈ నేరానికి మన శిక్షాస్మృతిలో విడిగా ఒక సెక్షన్ లేదు. మీ ఎంపీ ఈసారి ఓటడగడానికి వచ్చినప్పుడు, సంతకం పెట్టి ఇన్నేళ్లయినా ఎందుకు ధ్రువీకరించలేదని అడగండి.