కుట్లు మానాక మొదలయ్యే కష్టం

తలకు దెబ్బ తగిలిన పిల్లాడి కుట్లు విప్పగానే ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుంటాం. కొన్ని ఇళ్లల్లో అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది.

మా ఆడబిడ్డ వాళ్లది కోదాడ. రెండేళ్ల క్రితం పదేళ్ల బాబు వాళ్ల నాన్న బండి మీద సూర్యాపేటలో మా ఇంటికి వస్తుంటే, హైవే మీద బండి జారింది. హెల్మెట్ తండ్రికే ఉంది. బాబు మూడు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. మళ్లీ నడిచాడు, మాట్లాడాడు, బడికెళ్లాడు. చూసేవాళ్లకు అంతా మామూలే.

తల్లికి మాత్రం తేడా తెలుస్తూనే ఉంది. నెమ్మదస్తుడైన పిల్లాడు చిన్న మాటకే పళ్లెం విసిరేస్తున్నాడు. రెండు పనులు చెబితే రెండోది గుర్తుండదు. సాయంత్రానికల్లా వాడిపోతున్నాడు. బడిలో బద్ధకమన్నారు, ఇంట్లో గారాబమన్నారు. క్రికెట్‌కి పిలిచే పిల్లలు పిలవడం మానేశారు. మిర్యాలగూడలో పెళ్లికెళ్తే బ్యాండు మోతకు చెవులు మూసుకుని ఒకటే ఏడుపు. ‘పెంపకం ఇట్లుంది’ అని ఎవరో అంటే, మా ఆడబిడ్డ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. హాస్టల్లో వేస్తే దారికొస్తాడని అన్నయ్య పట్టుబట్టారు.

చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజీ డాక్టరుకి చూపించారు. తోడుగా నేనూ వెళ్లాను. కోపాన్ని అదుపులో పెట్టేది, పనులు వరుసగా చేయించేది మెదడు ముందుభాగమట. అది పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు పాతికేళ్లు పడుతుంది. అందుకే చిన్నప్పటి దెబ్బ ప్రభావం కొందరిలో చదువు బరువెక్కాకే బయటపడుతుంది. స్కానింగ్ బాగున్నా ఇబ్బందులు ఉండొచ్చు. ‘వాడు చేయనని మొండికేయడం లేదమ్మా, చేయలేకపోతున్నాడు’ అన్నారాయన. ఆ ఒక్క మాటకు మా ఆడబిడ్డ కళ్లు తుడుచుకుంది. అన్నయ్య హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఒకసారి ఒక్క పనే చెబుతారు. రోజు పనులన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. బడి నుంచి రాగానే గంటసేపు పడుకోబెడతారు. డాక్టరు చీటీ చూశాక టీచరు ముందు బెంచీలో కూర్చోబెట్టి, పరీక్షకి కాస్త ఎక్కువ టైమిస్తున్నారు. కోపం పూర్తిగా పోలేదు. ఇద్దరు స్నేహితులు మాత్రం మళ్లీ ఇంటికొస్తున్నారు.

బండి మీద నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరని చట్టంలోనే ఉంది. అంతకన్నా చిన్నవాళ్లని ఎక్కించుకుంటే హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకి కలిపి కట్టే బెల్టు ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు అని 2022లో నిబంధన తెచ్చారు. పండగ బట్టలతో పాటు పిల్లలకి ఆ హెల్మెట్ కూడా కొనండి.

మీకు తెలిసినవాళ్లలో దెబ్బ తగిలాక మారిపోయిన పిల్లలుంటే, ఆ తల్లితో పెంపకం మాట ఎత్తకండి. ‘డాక్టరుకి మళ్లీ ఓసారి చూపిద్దామా, నేను తోడొస్తాను’ అనండి.