మాల్వర్న్ కొండలు

ఇంగ్లండు దేశపు పడమటి భాగమున, ఉస్టరుషైరు, హెరిఫర్డుషైరు మండలముల పొలిమేరయందు, ఉత్తర దక్షిణములుగా సుమారు 8 మైళ్ల పొడవున నొక కొండల వరుస గలదు. ఇవియే మాల్వర్న్ కొండలు. ఎత్తులో నివి గొప్పవి కావు. అన్నిటికంటె నున్నతమైన ఉస్టరుషైరు బీకన్ అను శిఖరము 1,395 అడుగులు మాత్రమే. అయినను తూర్పున నదీమైదానము చదునుగా నుండుటచే, దూరమునుండి చూచువారి కివి గోడ కట్టినట్లు కాన్పించును. ఇందలి శిల మిక్కిలి పురాతనము. దాని వయస్సు సుమారు 68 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞు లందురు.

మేము లండను నుండి రైలులో బయలుదేరి సుమారు రెండున్నర గంటలలో గ్రేట్ మాల్వర్న్ చేరితిమి. స్టేషనులోని యినుపస్తంభముల తలలపై పోతపోసిన ఆకులును, పువ్వులును చూడ ముచ్చటగా నున్నవి. ఊరు కొండ నంటియే యున్నది. 99 మెట్లెక్కి, వంపుల బాటవెంట సెయింట్ ఆన్ అను పేరుగల ఊట యొద్దకు పోయితిమి. చెక్కిన రాతినుండి జారుచున్న ధారను దోసిట బట్టితిమి. వ్రేళ్లు కొంకర్లు పోవునంతటి చల్లదనము!

ఈ నీటి కీర్తి వింతయైనది. 18వ శతాబ్దిలో జాన్ వాల్ అను వైద్యుడు దీనిని పరీక్షించి, ఇందు లవణములు మొదలగున వేవియు లేవన్నంత తక్కువయని కనుగొనెను. ఏమియు లేకపోవుటయే దాని గొప్పతన మయ్యెను. 1842లో విల్సన్, గల్లీ అను నిరువురు వైద్యులు వచ్చి యిచ్చట జలచికిత్స నారంభించిరి. రోగులను వేకువనే లేపి, తడిదుప్పట్లు చుట్టి, కొండ నడిపించి, ఊటనీరు త్రాగించెడివారు. మద్యము మాన్పించి మితాహారము పెట్టెడివారు. పలువురకు నెమ్మదించెను. అది నీటి మహిమయో, నడకయు పథ్యమును చేసిన మేలో, పాఠకురాండ్రే యూహింపగలరు.

అయినను ఈ ఊట బ్రదికింపజాలని వారును గలరు. ప్రకృతిశాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ 1849లో ఇచ్చట కొంత స్వస్థత పొందెను. ఆ నమ్మకముతోనే 1851లో జబ్బుపడిన తన పదేండ్ల కూతురు ఆనీని తీసికొనివచ్చెను. తల్లి యెమ్మా నిండు గర్భిణి యగుటచే ఇల్లు కదలలేకపోయెను. ఏప్రిలు 23వ తేదీన ఆ బాలిక కన్నుమూసెను. తండ్రి మరునాడే భార్యను ఓదార్చుటకై వెడలిపోయెను. బిడ్డను భూమిలో నుంచునపుడు తల్లిగాని తండ్రిగాని దగ్గర లేరు. 1863లో ఆ దంపతులు మరల వచ్చి సమాధిశిలను వెదకిరి. అది తొలుత వారి కంట బడలేదు. పలుమారులు వెదకిన పిదపనే దొరకినది. ఊరినడుమ, ప్రాచీనమైన ప్రయరీ దేవాలయపు ఆవరణలో ఆ చిన్న రాయి నేటికిని గలదు. దానియెదుట మేము మాటాడక నిలిచితిమి.

తరువాత శిఖర మెక్కితిమి. విక్టోరియా రాణి వజ్రోత్సవ సందర్భమున, 1897లో నెలకొల్పిన దిక్కుల పలక అచ్చట నున్నది. తూర్పున సెవర్న్ నదీమైదానము, ఉస్టరు పట్టణపు దేవాలయ గోపురము; పడమట వేల్స్ దేశపు నీలిగిరులు. పచ్చికలో గొఱ్ఱెలు మేయుచున్నవి.

ఈ శోభ తనంతట నిలిచినది కాదు. ఒకవంక కంచెలు పచ్చిక బయళ్ల నాక్రమించుచుండగా, వేరొకవంక రాళ్లు కొట్టువారు కొండను తొలుచుచుండగా, 1884లో పార్లమెంటు చట్టముచే సంరక్షకసంఘ మేర్పడెను. చట్టము వచ్చినంతనే రాళ్లుకొట్టుట యాగలేదు. 1970 దశాబ్దిలోగాని అది ముగియలేదు. ఆ గాయములు కొండప్రక్కల నేటికిని కానవచ్చుచున్నవి. తొంబది యేండ్లకు మించి విసుగక కావలి కాచుటచేతనే మిగిలిన కొండ మిగిలినది.

మేము దిగివచ్చుచుండగా, పసిబిడ్డలను వీపున గట్టుకొన్న తల్లులును, చేతికఱ్ఱ లూనిన వృద్ధులును పైకి వచ్చుచుండిరి. ఈ కొండపై నడచుటకు రుసుము లేదు, అడ్డగించు ద్వారపాలకుడు లేడు. సోదరీమణులారా, మన యూరి చెఱువునకును, గుట్టకును ఇట్టి కావలి యున్నదా యని మనము మన యిండ్లలో నడుగవలదా?