నాన్న కారుకి టర్బో పెట్టా

నాన్న కారుకి టర్బో పెట్టింది నేనే. ఆ ఇంజిన్ పాడుచేసిందీ నేనే.

నాన్న ఆర్టీసీ డ్రైవర్. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి ఒక చిన్న పెట్రోల్ కారు కొన్నాడు. 1.2 లీటర్ల ఇంజిన్. ఉద్యోగమంతా ఊళ్లోవాళ్లని తిప్పిన మనిషి, తనకోసం కొనుక్కున్న మొదటి బండి అది. రెండేళ్లయ్యాక "హైద్రాబాద్‌ల నీకే అక్కరొస్తది, తీస్కపో బిడ్డా" అని తాళాలు నా చేతిలో పెట్టాడు.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో చాలామంది కథే. కాలేజీలో థర్మోడైనమిక్స్ బాగా ఇష్టం. ఆరేళ్లుగా దాన్ని ఎక్కడా వాడలేదన్న బాధ ఒకటి లోపల ఉండేది. కారు చేతికి రాగానే ఆ పిచ్చి మళ్లీ లేచింది.

మామూలు ఇంజిన్ గాలిని తనంతట తనే పీల్చుకుంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి వస్తే అంతే. టర్బో అలా ఊరుకోదు. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అటు చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ కాల్చొచ్చు, పవర్ పెరుగుతుంది. ఆల్ఫ్రెడ్ బ్యూకి అనే స్విస్ ఇంజినీర్ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

వీడియోల్లో చూస్తే వీకెండ్‌లో అయిపోయే పనిలాగే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ టర్బో, ఇంటర్‌కూలర్, పైపులు, ఆయిల్ లైన్లు అన్నీ కలిపి లక్షా అరవై వేలు. తెలిసిన షెడ్డులో మూడు వారాలు. నాన్నకి ఫోన్లో చెప్పింది మాత్రం ఒక్కటే: "ఇంజిన్‌లో చిన్న పని చేయిస్తున్నా నాన్నా, మైలేజ్ బాగొస్తుంది."

అది అబద్ధం.

అసలు చిక్కేంటంటే, సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు ముట్టుకుని చూడండి, కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మామూలు పెట్రోల్ ఇంజిన్ తన సిలిండర్‌లో గాలిని ఇప్పటికే పది వంతులకు పైగా నొక్కుతుంది. టర్బో ముందే నొక్కి పంపిన గాలిని అది మళ్లీ నొక్కుతుంది. వేడి, ఒత్తిడి హద్దు దాటితే ప్లగ్గు మంట అందకముందే పెట్రోల్ తనంతట తను పేలుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. ఒక్కో పేలుడూ పిస్టన్ నెత్తిన సుత్తి దెబ్బ.

అందుకే కంపెనీలు కూడా పాత ఇంజిన్‌కి టర్బో తగిలించి వదిలేయవు. 2017లో మారుతి బలెనో ఆర్ఎస్ తెచ్చినప్పుడు, మామూలు బలెనోలోని 1.2 లీటర్ ఇంజిన్‌ని వాడలేదు. టర్బో కోసమే చేసిన 998 సీసీ, మూడు సిలిండర్ల వేరే ఇంజిన్ పెట్టింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే పిస్టన్లు మార్చలేదు, బడ్జెట్ లేదు కాబట్టి. "ప్రెజర్ 0.4 బార్ దాటనివ్వను, ఏం కాదు" అని నాకు నేనే చెప్పుకున్నా.

ఎంత గాలికి ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే మ్యాప్ లాప్‌టాప్‌లో నేనే రాశా. మామూలుగా ఒక కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి సరిపోతుంది. టర్బో ఒత్తిడిలో 12 కిలోల దగ్గరే ఉంచాలి. ఎక్కువ పెట్రోల్ పోస్తే సిలిండర్ కాస్త చల్లబడుతుంది. లాగ్‌లో చూస్తే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు 96 శాతం తెరుచుకునే ఉన్నాయి. అంటే ఇంక పోయడానికి చోటు లేదు. పెద్ద ఇంజెక్టర్లు వేయాలి. "నెక్స్ట్ మంత్ చూద్దాంలే" అనుకున్నా. ఆఫీసులో బగ్‌ని వాయిదా వేసినట్టే వేశా.

మే నెలలో నాన్న హైదరాబాద్ వచ్చాడు. తిరుగు ప్రయాణంలో నేనే దింపుతానన్నా. విజయవాడ హైవే, మధ్యాహ్నం రెండు గంటలు. చౌటుప్పల్ దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేశా. బండి ముందుకి దూకింది. నాన్న ఏమంటాడా అని పక్కకి చూశా.

"ఇంజన్ల ఏదో కొడ్తుందిరా. ఆపు."

"గాలి చప్పుడు నాన్నా."

"గాలి సప్పుడు కాదది. డబ్బాల గులకరాళ్లు ఏసి ఊపినట్టుంది. ఆపు."

నేను ఆపలేదు. స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి మరి. ఇంకో రెండు ఓవర్‌టేక్‌లు. చిట్యాల దగ్గర వెనక నీలం పొగ, బండిలో బలం లేదు. హెడ్ దింపి చూస్తే రెండో సిలిండర్ పిస్టన్ రింగుల దగ్గర పగిలింది. టెస్టింగ్ అంతా తెల్లవారుజామున చల్లగాలిలో చేశా. మే ఎండలో లోపలికెళ్లే గాలి ఎంత వేడిగా ఉంటుందో లెక్కలోకి తీసుకోలేదు.

రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చున్నప్పుడు అంతా చెప్పేశా. టర్బో సంగతి, మైలేజ్ అబద్ధం. ఇంకోటి కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంటయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. అలాంటి బండిలో నాన్నని ఎక్కించుకుని లారీలు దాటించా.

నాన్న తిట్టలేదు. కాసేపాగి అడిగాడు: "ఆపేటప్పుడు కాసేపు ఊరికె నడవనిచ్చినవా?"

నాకు అర్థం కాలేదు.

"మా బస్సులకు టర్బో ఉండె గదా. శ్రీశైలం ఘాట్ ఎక్కొచ్చి టక్కున ఆపొద్దు. రెండు నిమిషాలు నడవనియ్యాలె. లేకుంటే లోపటి ఆయిల్ మాడిపోతది." మళ్లీ ఆగి, "నన్నడుగుతె చెప్తుంటి గదరా" అన్నాడు.

డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి ఏడుపొచ్చింది. టర్బో గురించి ప్రపంచంలో అందరినీ అడిగా. టర్బో బండ్లు నడిపిన మనిషి ఇంట్లోనే ఉంటే ఆయన్ని మాత్రం అడగలేదు.

డెబ్బై వేలు పెట్టి ఇంజిన్‌ని మళ్లీ మామూలుగా చేయించా. టర్బో తీసేశా. కారు నాన్న దగ్గరే ఉంది. మొన్న ఊరెళ్లినప్పుడు మార్కెట్‌కి నేనే నడిపా. ఇంటిముందు బండి ఆపి, అలవాటుగా తాళం తిప్పకుండా కూర్చున్నా.

"టర్బో లేదు గదరా, బంజెయ్యి" అని నవ్వాడు నాన్న.

అయినా రెండు నిమిషాలు అలాగే నడవనిచ్చా. ఆ చప్పుడు ఇద్దరం విన్నాం.