కాబ్వే వాకిళ్లలోని ధూళి

జాంబియా రాజధాని లుసాకాకు ఉత్తరంగా దాదాపు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న కాబ్వే పట్టణంలో, 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో మొదలై 1994లో మూతపడిన సీసం, జింకు గని ఉంది. తవ్వకం ఆగినా, చిట్టెం, అంటే ఖనిజాన్ని కరిగించాక మిగిలే లోహమలం, ఆరుబయట గుట్టలుగా ఉండిపోయింది. ఊరివారు నల్లకొండ అని పిలిచే ఆ గుట్ట మీదికే సందర్శకుల చూపు మొదట పోతుంది గాని, నిదానించి చూడవలసింది ఆ గుట్టల సీసపు ధూళి చేరే చుట్టుపక్కల పేటల వాకిళ్లను.

కసాండా వంటి పేటల్లో గడ్డిపరక మొలవని వాకిట్లో చతికిలబడి ఆడుకునే రెండేళ్ల బిడ్డ, మట్టి అంటిన తడివేళ్లను అలాగే నోట్లో పెట్టుకుంటుంది. ఆ వయసుకు ఎంతో సహజమైన ఈ పనే ఇక్కడ సీసం ఒంట్లోకి చేరే ముఖ్యమైన దారి. మింగిన సీసంలో పెద్దల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పడుతుంది. ఇనుము, కాల్షియం చాలని బిడ్డలో అది ఇంకా ఎక్కువ. శరీరం సీసాన్ని కాల్షియంగా పొరబడి ఎముకల్లో దాచుకోవడం వల్ల, అది ఏళ్ల తరబడి నెత్తురులోకి ఊరుతూనే ఉంటుంది. ఎదిగే మెదడుకు కలిగిన హాని మాత్రం పూడేది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం, డెసిలీటరు రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములకు చేరితే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి తొలగించాలి. 45కు చేరిన పిల్లలకు కీలేషన్, అంటే సీసాన్ని పట్టుకుని మూత్రంతో బయటికి పంపే మందుల చికిత్స, చేయాలి. కాని ఆ మందు పుచ్చుకున్న బిడ్డ తిరిగి అదే వాకిట్లో ఆడుకుంటే, వైద్యం చిల్లికుండలో పోసిన నీళ్లే అవుతుంది. పట్టణ జనాభాలో మూడోవంతుకు పైగా, అంటే 76,000 మందికి మించి, కలుషితమైన పేటల్లోనే ఉంటున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2019లో తెలిపింది; ఇంతమంది విషయంలో వైద్యం చేయవలసింది ముందుగా నేలకే.

చేతులు కడిగించడం, కళ్లాపి చల్లినట్టు నీళ్లు చిలకరించి ఊడ్వడం మేలైన అలవాట్లే అయినా, బిందెడు నీటికి దూరం నడవవలసిన తల్లి మీద ఆ భారమంతా మోపడం న్యాయం కాదు. పైమట్టిని తీసి మంచి మట్టి పరచడం, దానిమీద గడ్డి పెంచడం, నడిచే చోట కాంక్రీటు వేయడం బిడ్డకూ సీసానికీ నడుమ అడ్డుగోడ కడతాయి. అయితే గుట్టలను కప్పకుండా వదిలేస్తే, మే నుంచి అక్టోబరు దాకా వాన ఎరగని నెలల్లో వీచే గాలికి, కొత్త మట్టి పరిచిన వాకిలి మీదికి కూడా ఆ ధూళి తిరిగి వచ్చి చేరుతుంది.