రెండు నికాహ్‌లు

పెద్దమ్మాయి వివాహానికి మేము కర్నూలు శివారులోని మూడు సెంట్ల స్థలం అమ్మివేశాము. అదీ చాలక నగలు కుదువబెట్టి వడ్డీకి అప్పు తెచ్చాము. వడ్డీ హరామ్ అని తెలిసే తెచ్చాము; ఈ మాట వ్రాయడానికి నేటికీ సిగ్గుగానే ఉన్నది. షాదీఖానా, దీపాల అలంకరణ, ఎనిమిది వందల మందికి బిర్యానీ, ఖుబానీ కా మీఠా. బంధువులు మెచ్చుకున్నారు. కొందరు ఉప్పు తగ్గిందన్నారు.

అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. ఆ మధ్యనే చిన్నమ్మాయికి నర్సింగ్‌లో సీటు వచ్చింది. ఫీజు కట్టలేకపోయాము. ఆమె మమ్మల్ని ఒక్క మాటా అనలేదు.

మదీనాకు వలస వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వివాహం చేసుకున్న సంగతి, ఆయన ఒంటిపై పసుపు వన్నె చూసి అడిగిన తరువాతే దైవప్రవక్త (స)కు తెలిసింది. తనను పిలవలేదని ఆయన నొచ్చుకోలేదు. శుభం కోరి, ఒక గొర్రెతోనైనా వలీమా ఇమ్మన్నారు. మేమైతే ఒక దూరపు బంధువుకు కార్డు అందలేదని రెండు రాత్రులు నిద్రపోలేదు!

నిరుడు చిన్నమ్మాయి నికాహ్ అసర్ నమాజు తరువాత మస్జిదులో జరిగింది. ఖర్జూరాలు పంచాము. వరుడు మహర్ అక్కడికక్కడే చెల్లించాడు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మాయి, "నా పెళ్లీ ఇలాగే చేసి ఉంటే చెల్లెలు చదువుకునేది కదా, అమ్మీ" అన్నది. మేమిద్దరం బదులు చెప్పలేకపోయాము.

ఈ ఏడు చిన్నమ్మాయి నర్సింగ్‌లో చేరింది. మొదటి ఏడాది ఫీజు తన మహర్ సొమ్ముతోనే కట్టుకున్నది.