ముందు 100 అడుగుల రోడ్డు.. మలుపు తిరిగితే 40!

ఔటర్ రింగ్ రోడ్డు మీంచి నార్సింగి దగ్గర దిగి కోకాపేట వైపు తిరగండి. తలెత్తితే క్రేన్లు, వాటి పక్కన పోటీపడి లేస్తున్న టవర్లు. రాత్రిపూట తీసిన డ్రోన్ వీడియో చూస్తే ‘ఇది మన హైదరాబాదేనా’ అనిపిస్తుంది. కానీ ఈ ఏరియా అసలు కథ తెలియాలంటే కింద నడవాలి. పుప్పాలగూడ, మణికొండ గల్లీల్లోకి వెళ్లాలి.

అక్కడ ఇంకో ఊరుంది. 200 గజాల్లో కట్టుకున్న ఇళ్లు, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు, మూల మీద కిరాణా కొట్టు, పొద్దున్నే ఇడ్లీ బండి. ఎండాకాలం వస్తే చాలు, వాటర్ ట్యాంకర్ల క్యూ. సాయంత్రం ఆఫీసులు వదిలాక ఈ గల్లీలే షార్ట్‌కట్లు. మేడ మీద బట్టలు ఆరేస్తే, పక్కన లేచిన టవర్ నీడ పోయేదాకా ఎండ రాదు. ‘ఇంత పెద్దదానికి పర్మిషన్ ఎలా ఇచ్చారు?’ అనేది ఇక్కడ అందరి ప్రశ్న.

ఎలాగంటే, రూల్ ప్రకారమే ఇచ్చారు. చిక్కంతా అక్కడే ఉంది. స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే లెక్కను ఎఫ్ఎస్ఐ అంటారు. ముంబై శివార్లలో ఆ లెక్క 1 దగ్గర మొదలవుతుంది. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86తో ఆ పరిమితే పోయింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారి. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు.. ఎత్తును తేల్చేవి ముఖ్యంగా ఈ రెండే.

రూల్ చూసేది ప్లాట్ ముందున్న రోడ్డునే. ఆ రోడ్డు మలుపు తిరిగాక 40 అడుగులకు కుంచించుకుపోతే? దానికి లెక్క లేదు. టవర్‌లోంచి వచ్చే కార్లు మాత్రం ఆ మలుపు తిరగాల్సిందే కదా!

మరి పక్కింటివాళ్లను అడగరా? భూ వినియోగం మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు తీసుకుంటారు. బిల్డింగ్ పర్మిషన్‌కు అదీ లేదు. 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలి. కానీ 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం పెద్ద భవనాల దరఖాస్తుకు 21 రోజుల గడువు పెట్టింది. ఆలోగా జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే. పక్కింటివాళ్ల మాట వినడానికి మాత్రం ఒక్క రోజు కూడా పెట్టలేదు. రెరా సైట్‌లో ప్లాన్ ఎవరైనా చూడొచ్చు. కానీ అది అక్కడికి ఎక్కేసరికి పర్మిషన్ వచ్చేసి ఉంటుంది.

ఇంకో సంగతి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. వేలం వేసింది హెచ్ఎండీఏ. అప్పట్లో ఇక్కడ పెద్ద భవనాల ప్లాన్లు పరిశీలించిందీ హెచ్ఎండీఏనే. అంత రేటు పెట్టి కొన్నవాడు ఐదంతస్తులతో సరిపెట్టుకుంటాడా? అంత రేటుకు అమ్మినవాళ్లు ‘కాస్త తగ్గించి కట్టు’ అని గట్టిగా చెప్పగలరా?

గల్లీ జనం టవర్లే వద్దనట్లేదు. వాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసేది ఈ పక్క ఐటీ ఆఫీసుల్లోనే. ఎత్తైన భవనాల నుంచి మౌలిక వసతుల పేరిట ఇంపాక్ట్ ఫీజు వసూలవుతోంది. ఆ డబ్బుతో ముందు డ్రైనేజీ, నీళ్ల లైను, మలుపు అవతలి రోడ్డు వేయండి, తర్వాతే మనుషుల్ని దింపండి అంటున్నారు. ప్లాన్ పాసయ్యే ముందు దాన్ని కాలనీలో ఓ బోర్డు మీద పెట్టి, అభ్యంతరాలకు నెల టైమ్ ఇవ్వమంటున్నారు. 50 అంతస్తులు లేవడానికి ఏళ్లు పడుతుంది. కింద బతికేవాళ్లు చెప్పేది వినడానికి ఒక్క నెల ఎక్కువా?